మా అమ్మ సంపాదన ఎంత అని కోర్టు అడిగింది: అనంతపురంలో నా అనుభవం

మా అమ్మ కేసులో పరిహారం డబ్బు 2025 డిసెంబరులో నాయన ఖాతాలో పడింది. ప్రమాదం జరిగింది 2023 జనవరి ఆఖర్లో. ఈ మధ్య కాలమంతా ఇంటికి వచ్చినవాళ్లు అడిగింది ఒకటే: "న్యాయం జరుగుతుందంటనా?" వాళ్లు అడిగే న్యాయం వేరు, కోర్టు ఫైలులో నడిచే న్యాయం వేరు అని నాకు మెల్లమెల్లగా అర్థమైంది. కోర్టుది తక్కువ రకం అని నేను అనడం లేదు. రెండూ ఒకటే అనుకుని మెట్లెక్కేవాళ్లు మాత్రం మధ్యలో బాగా కుంగిపోతారు. మా నాయన కుంగిపోయాడు. ఇంటి పని, చేను పని చేసుకునే ఆడమనిషి రోడ్డు ప్రమాదంలో పోతే ఏమేం జరుగుతుందో తెలియక మాలాగా తిరిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

మా ఊరు గార్లదిన్నె దగ్గర, 44వ నంబరు హైవే పక్కన. సాయంత్రం చేనులో నుంచి గడ్డి మోపు ఎత్తుకుని అమ్మ రోడ్డు దాటుతుంటే ఒక సరుకుల వ్యాన్ గుద్దేసి ఆగకుండా పోయింది. 108లో అనంతపురం సర్వజన ఆస్పత్రికి తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. ఆ రాత్రి గురించి ఇంతకుమించి రాయలేను.

మరుసటి రోజు మార్చురీ దగ్గర జరిగిన ఒక చిన్న విషయం మాత్రం చెప్పాలి. పంచనామా రాసే పోలీసాయన "వయసెంత?" అని అడిగాడు. నాయనకు నోట మాట రావడం లేదు. పక్కనున్న బంధువు ఎవరో "యాభై పైన ఉంటాది సార్" అన్నారు. పోస్టుమార్టం రిపోర్టులో 52 అని పడింది. అమ్మకు అప్పుడు 46. ఆ అంకె రెండున్నర లక్షల రూపాయలకు పైగా తేడా తెస్తుందని రెండేళ్ల తర్వాత తెలిసింది. ఎంత దుఃఖంలో ఉన్నా సరే, ఇంట్లో ఒకరు ఆధార్ కార్డు పట్టుకుని ఆ కాగితాలు రాసేచోట నిలబడండి. పేరు, వయసు, ఏం పని చేసేవారు అన్నది దగ్గరుండి రాయించండి. మా కాగితాల్లో వృత్తి అన్నచోట "గృహిణి" అని ఒక్క మాట రాసి వదిలేశారు.

మొదటి పది రోజులు బండి ఏదో తెలియలేదు. బండి దొరకకపోతే కేంద్రం పథకం కింద చనిపోయినవారి కుటుంబానికి రెండు లక్షలు ఇస్తారని, 2022 ఏప్రిల్‌కు ముందు అది పాతిక వేలే ఉండేదని స్టేషన్‌లో చెప్పారు. ఆ తర్వాత కాసేపల్లి టోల్‌గేటు కెమెరాలో ముందు అద్దం పగిలిన వ్యాన్ ఒకటి కనబడింది. నంబరు పట్టుకుని బండిని తెచ్చారు. ఎంవీఐ, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, వచ్చి చూసి రిపోర్టు ఇచ్చాడు. మే నెలలో చార్జిషీటు వేశారు. బండికి ఇన్సూరెన్స్ ఉంది. ఆ సంగతి విని నాకు ఊపిరి వచ్చింది, ఆ వెంటనే అమ్మ పోయిన దాంట్లో ఇదొక మంచి వార్తా అని ఏడుపు కూడా వచ్చింది.

అక్కడి నుంచి రెండు కేసులు మొదలయ్యాయి. డ్రైవరు మీద పోలీసులు పెట్టింది ఒకటి, మెజిస్ట్రేటు కోర్టులో. పరిహారం కోసం మేం వేసింది రెండోది, జిల్లా కోర్టులోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో. దాన్ని అక్కడ ఎంవీఓపీ అంటారు. ఈ రెండూ వేర్వేరు అని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. జేజి (నాయనమ్మ) అయితే చివరిదాకా ఒకటే కేసు అనుకుంది.

లాయరు కోసం కోర్టు రోడ్డులో అడిగితే మొదటాయన ఖర్చులన్నీ తానే పెట్టుకుంటానని, వచ్చిన దాంట్లో నాలుగో వంతు ఇవ్వాలని అన్నాడు. గెలిస్తే వాటా అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. మా బావకు తెలిసిన ఇంకో సార్ అరవై వేలు ఫీజు, విడతల్లో ఇవ్వండి, నకళ్లు, టైపింగు మీ ఖర్చు అన్నాడు. ఆయన్నే పెట్టుకున్నాం. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టంలోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 15100కు ఫోన్ చేసినా, జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు పోయినా దారి చెబుతారు.

ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని 2022 ఏప్రిల్ నుంచి చట్టం. మేం జూన్‌లో వేశాం, పది లక్షలు అడుగుతూ. నాయన, నేను, పదిహేనేళ్ల తమ్ముడు పిటిషనర్లం. తమ్ముడు మైనరు కాబట్టి వాడి తరఫున నాయనే సంతకం పెట్టాడు. ఆ తర్వాత చాలా కాలం ఏమీ జరగలేదు. నోటీసులు అందలేదని ఒక వాయిదా, కౌంటరుకు, అంటే మా పిటిషన్‌కు జవాబుకు, టైము కావాలని ఒక వాయిదా. బండి యజమాని కోర్టుకే రాలేదు, ఆయన్ని ఎక్స్‌పార్టీ చేశారు, అంటే ఆయన లేకుండానే కేసు నడిపారు. ఇన్సూరెన్స్ కంపెనీ కౌంటరు 2024లో గానీ రాలేదు. అందులో ప్రమాదం చేసింది ఈ బండే కాదని, అయినా చనిపోయినావిడకు ఎలాంటి ఆదాయమూ లేదని రాశారు. ఆ రెండో మాట చదివి నాయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. "నాకంటే ముందు లేసేది, నాకంటే ఎనక పండుకునేది. ఆదాయం లేదంటారేమి?" అని మళ్లీ మళ్లీ అడిగేవాడు.

2024 ఆగస్టులో డ్రైవరు కేసు కొట్టేశారు.

ఆ రోజు నేను కోర్టులో ఉన్నాను. చూసిన సాక్షి ఒకాయన, వెనకాల స్కూటరు మీద వస్తున్న పక్క ఊరి మనిషి. వ్యాన్ గుద్దడం చూశానని ధైర్యంగా చెప్పాడు. "ఈ మనిషే తోలుతున్నాడా?" అని అడిగితే, "చీకటి పడుతోంది, మొహం చూడలేదు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. వరుసగా పని మానుకుని వచ్చి, చూసింది చూసినట్టు చెప్పాడు. ఆయన మీద నాకు ఈ రోజుకూ గౌరవమే. బండి ఎవరి చేతికిచ్చాడో పోలీసులకు చెప్పిన యజమాని మాత్రం కోర్టులో ఆ రోజు ఎవరు తీసుకుపోయారో గుర్తులేదన్నాడు. అంతే, తోలింది ఈ మనిషేనని సందేహం లేకుండా రుజువు కాలేదు. సంశయ లాభం కింద వదిలేశారు.

బస్సులో ఇంటికి వస్తుంటే నాయన అడిగాడు: "కొట్టేసినారంటే తప్పు మీ అమ్మదేనా పాపా?"

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఇంత చదువుకుని కూడా. తీర్పు నకలుకు దరఖాస్తు పెట్టి, వచ్చాక మొత్తం చదివాను. అమ్మ తప్పు అని ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఆ డ్రైవరు మంచివాడనీ లేదు. జైలుకు పంపాలంటే ఉండాల్సినంత రుజువు లేదు, అంతే. నాయనకు ఆ పేజీలు చదివి వినిపించాను. తలూపాడు గానీ ఒప్పుకున్నట్టు అనిపించలేదు. ఊళ్లో కేసు కొట్టేశారంటే ఎవరి తప్పూ లేదనో, చనిపోయినామెదే తప్పనో అనుకుంటారు. రుజువు చాలలేదు అనే ఇంకో గది మధ్యలో ఉందని ఎవరికీ చెప్పలేం.

పరిహారం కేసు కూడా పోయినట్టే అనుకున్నాం. మా లాయరు సార్ అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. అక్కడ శిక్ష వేయాలి కాబట్టి సందేహం మిగలకూడదు. ఇక్కడ ఏది ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో చూస్తారు. పైగా స్టీరింగు ముందు ఎవరు కూర్చున్నారన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు, ఈ బండి గుద్దిందా, అజాగ్రత్తగా తోలారా అన్నదే కావాలి. ఎవరు తోలినా యజమాని బాధ్యుడు, అతని వెనక ఇన్సూరెన్స్ కంపెనీ. స్కూటరు మనిషి, టోల్‌గేటు కెమెరా, పగిలిన అద్దం మీద ఎంవీఐ రిపోర్టు ఇక్కడ చాలు అన్నాడు. ఒకే సాయంత్రం గురించి ఒకే ఊళ్లో రెండు కోర్టులు రెండు రకాలుగా చెప్పొచ్చు, రెండూ చట్టప్రకారం సరైనవే కావొచ్చు. ఇది జీర్ణం కావడానికి నాకు నెలలు పట్టింది.

2024 డిసెంబరు 14న జాతీయ లోక్ అదాలత్‌కు మా ఫైలు పెట్టారు. ఇన్సూరెన్స్ తరఫువాళ్లు ఆరు లక్షలతో మొదలుపెట్టి ఏడు దాకా వచ్చారు. అక్కడ రాజీ అయితే అదే డిక్రీ, అంటే కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, డబ్బు తొందరగా వస్తుంది. మా ముందు ఒక కుటుంబం, కొడుక్కు కాలు విరిగినవాళ్లు, ఒప్పుకుని సంతకాలు పెట్టి కళ్లు తుడుచుకుంటూ పోయారు. ఆస్పత్రి అప్పు వడ్డీ పెరుగుతోందట. వాళ్లకు ఆ రోజు ఆ డబ్బే న్యాయం, అందులో నాకు సందేహం లేదు. నాయన మాత్రం "ఆరు, ఆరున్నర, ఏడు" అని వింటూ వింటూ లేచి బయటికి వచ్చేశాడు. "సంతలో ఆవుకు బేరం చేసినట్టు చేస్తాండారు. ఏమిచ్చినా సరే, జడ్జి రాసి ఇయ్యనీ" అన్నాడు. తమ్ముడి చదువు అప్పు ఉంది, నాకు టెన్షన్ పట్టుకుంది. కానీ ఆయన్ని ఆ గదిలోకి మళ్లీ తీసుకుపోలేకపోయాను.

తర్వాత వాంగ్మూలాలకు ముందు వయసు గొడవ వచ్చింది. పోస్టుమార్టంలో 52, ఆధార్‌లో 46. ఆధార్ చాలు కదా అనుకున్నాం. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని, బడి సర్టిఫికెట్ ఉంటే దాన్నే నమ్మాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పిందని అవతలి లాయరు ఆ తీర్పు తెచ్చాడు. వయసు 46 నుంచి 50 మధ్య అయితే ఏడాది నష్టాన్ని 13తో గుణిస్తారు, 51 నుంచి 55 అయితే 11తో. ఈ పట్టిక 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చింది, దేశమంతా అదే.

అమ్మ అయిదో తరగతి దాకా చదివింది, కళ్యాణదుర్గం వైపు వాళ్ల పుట్టింటి ఊళ్లో. ఆ బడికి పోయాను. హెడ్మాస్టరు మేడం బీరువా పైనుంచి పాత అడ్మిషన్ రిజిస్టర్లు దింపించింది. చెదలు పట్టినవి, అంచులు ఊడినవి. మధ్యాహ్నం దాకా ఇద్దరం కూర్చుని తిప్పితే దొరికింది. అమ్మ పేరు, మా తాత పేరు, ఎదురుగా ఆయన వేలిముద్ర, పుట్టిన తేదీ 1976 జూలై 1. ఆ రోజుల్లో చాలామందికి జూలై 1 అనే రాసేవాళ్లని మేడం చెప్పింది. అమ్మను ఆరేళ్ల పిల్లగా నేను ఎప్పుడూ ఊహించుకోలేదు. ఆమె పేరు మీద వేలు పెట్టి చాలాసేపు ఏడ్చాను. మేడం ఏమీ అనకుండా నీళ్లు తెచ్చి పెట్టి, సర్టిఫికెట్ రాసి ముద్ర వేసి ఇచ్చింది. డబ్బులేమీ తీసుకోలేదు. అవసరమైతే రిజిస్టరు పట్టుకుని కోర్టుకు వస్తానని కూడా అంది.

ఇక ఆదాయం. అమ్మ రెండు ఎనుములు సాకేది. పాలు కేంద్రానికి పోసేది. కానీ పాల డబ్బు పడేది నాయన ఖాతాలో. కాగితం మీద ఆ పాలు నాయనవే. చేను నాయన పేరు మీద ఉంది కాబట్టి చెనక్కాయల డబ్బూ నాయనదే. అమ్మ పేరు మీద దొరికినవి రెండే: ఉపాధి హామీ జాబ్ కార్డు, డ్వాక్రా సంఘం పుస్తకం. నెలనెలా ఆమె కట్టిన పొదుపు, తీర్చిన లోను వాయిదాలు అందులో ఉన్నాయి. సంఘం లెక్కలు రాసే ఆమె వాటికి నకళ్లు తీసి సంతకం చేసి ఇచ్చింది. ఆ రెండూ లేకపోతే మేం చేతులు ఊపుకుంటూ పోయేవాళ్లం. మీ ఇంట్లో ఆడవాళ్లు పాలు పోస్తుంటే ఆ ఖాతా వాళ్ల పేరు మీదే పెట్టండి. ఇది కేసుల కోసమే చెప్పడం లేదు.

2025 ఫిబ్రవరిలో నేను బోనెక్కాను. ముందే టైపు చేసిన అఫిడవిట్ దాఖలు చేస్తారు, కాబట్టి మన కథ మనం చెప్పే అవకాశం పెద్దగా ఉండదు. నేరుగా ఎదుటి లాయరు ప్రశ్నలే. ఆయన గొంతు పెంచలేదు, మర్యాదగానే అడిగాడు. "మీ అమ్మకు జీతం లేదు, అవునా?" అవును. "పాల డబ్బు మీ నాన్న ఖాతాలో పడేది, అవునా?" అవును. "అంటే మీ అమ్మ మీద మీరెవరూ ఆధారపడి లేరు." "మా అమ్మ మీద మేం ఆధారపడి లేమనడం నిజం కాదు" అని జడ్జిగారు చెప్పి రాయించారు. ఇలా నా జవాబులన్నీ "నిజం కాదు" అన్న మాటతో ముగిసే వాక్యాలై పోతుంటే నాకు దుఃఖం ఆగలేదు. అమ్మ గురించి ఒక్క నిజమైన మాట కూడా ఎక్కడం లేదనిపించింది.

అప్పుడు జడ్జిగారే అడిగారు, "మీ అమ్మ పొద్దున ఎన్నింటికి లేచేదమ్మా?" నాలుగున్నరకు సార్ అన్నాను. తర్వాత? చెప్పుకుంటూ పోయాను. పేడ తీయడం, పాలు పిండడం, కేంద్రానికి పోయడం, సంగటి కెలకడం, తమ్ముడికి క్యారియరు, చేనుకు పోవడం, కలుపు, మధ్యాహ్నం ఉపాధి పని ఉంటే అది, గడ్డి, సాయంత్రం మళ్లీ పాలు, మంచం మీదున్న జేజికి స్నానం, మందులు. ఆయన ఆపకుండా విని, స్టెనోకు నిదానంగా చెప్పి రాయించారు. హాల్లో వేరే కేసుల వాళ్లు కూడా వింటున్నారు. ఇన్ని వాయిదాల్లో నాకు న్యాయం అనిపించిన కాసేపు అదే. తీర్పు ఇంకా రానే లేదు.

ఇంటి పనికి వెల కట్టడం మీద మా సార్ నమ్ముకున్నది 2021 జనవరి 5న సుప్రీంకోర్టు కీర్తి కేసులో ఇచ్చిన తీర్పు. 2014లో ఢిల్లీలో బైకు మీద పోతూ చనిపోయిన భార్యాభర్తల కేసు అది. మన తెలుగు జడ్జి ఎన్.వి.రమణ గారు అందులో విడిగా రాసిన భాగాన్ని సార్ జిరాక్స్ తీసి ఇచ్చాడు. 2019 కేంద్ర సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని అందులో ఉంది. ఆ పనికి విలువ లేదనే ఆలోచనను పోగొట్టాలంటే కోర్టులు దానికి ఆదాయం లెక్కగట్టాలని ఆయన రాశారు. అవతలివాళ్లు 2001 నాటి లతా వాధ్వా తీర్పు చూపించి, అందులో గృహిణి సేవలకు నెలకు 3,000 కట్టారన్నారు. ఇరవై ఏళ్ల కిందటి అంకె అది.

జూన్ ఆఖర్లో అవార్డు, అంటే పరిహారం తీర్పు, వచ్చింది. గుద్దింది ఆ బండేనని, అజాగ్రత్త వల్లేనని ఒప్పుకున్నారు. మా సార్ నెలకు 15,000 అడిగితే జడ్జిగారు 8,000 కట్టారు. 40 నుంచి 50 ఏళ్ల మధ్య వయసు, సొంత పని కాబట్టి ముందు ముందు పెరిగే ఆదాయం కింద 25 శాతం కలిపి 10,000. ఏడాదికి 1,20,000. ఆమె సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 80,000. దాన్ని 13తో గుణిస్తే 10,40,000. తోడు కోల్పోయినందుకు నాయనకు, మా ఇద్దరికీ తలా 48,400. అంత్యక్రియలకు 18,150, ఆస్తి నష్టం కింద 18,150. మొత్తం 12,21,500, పిటిషన్ వేసిన రోజు నుంచి ఏడున్నర శాతం వడ్డీ. మేం అడిగింది పది లక్షలే. న్యాయమని తోచినంత ఇవ్వమని చట్టంలోనే ఉంది కాబట్టి అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వొచ్చట, ఎక్కువైన దాని మీద కోర్టు ఫీజు మేం కట్టాలి, కట్టాం.

అమ్మ సొంత ఖర్చు మూడో వంతు అన్నచోట నేను ఆగిపోయాను. పండక్కి ఒక చీర, అది కూడా మేం బలవంతం చేస్తేనే. లెక్క అందరికీ ఒకటే ఉండాలని తెలుసు, లేకపోతే ఒక్కొక్క జడ్జి ఒక్కొక్క రకంగా ఇస్తాడు. తెలిసినా బాధ తగ్గలేదు. 8,000 తక్కువే అని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆ పనులన్నిటికీ ఈ రోజు మనిషిని పెట్టుకోవాలంటే ఆ డబ్బుకు ఎవరూ రారు.

నాయనకు అవార్డులో మొత్తం కంటే నచ్చింది ఒక పేరా. నాలుగున్నరకు లేవడం నుంచి జేజి మందుల దాకా నేను చెప్పిన పనులన్నీ అందులో వరుసగా ఉన్నాయి, ఈ కుటుంబం నిలబడింది ఆమె శ్రమ మీద అని ఉంది. ఆ పేరా మూడుసార్లు చదివించుకున్నాడు. జేజి కూడా విని, "అంతా బాగానే రాసినాడు గానీ, ఆ డ్రైవరు పిల్లోడు వచ్చి గడప కాడ నిలబడి తప్పయిపాయ అని ఒక్క మాట అంటే సాలు" అంది. ఆమెకు మొదటి నుంచీ కావలసింది అదే. అది ఏ పిటిషన్‌లోనూ అడగలేం. పైగా కేసు నడుస్తున్నంత కాలం అతను వచ్చి ఆ మాట అంటే అదే అతని మీద సాక్ష్యం అవుతుంది. రావాలని అతనికి అనిపించిందో లేదో నాకు తెలియదు. అనిపించినా రాకుండా చేసేది ఈ పద్ధతే.

డబ్బు జమ కావడానికి అక్టోబరు దాకా పట్టింది. వడ్డీ రెండు లక్షలు దాటింది, దాని మీద అప్పట్లో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసేవారు, పాన్ లేకపోతే 20 శాతం. సార్ ముందే చెప్పడంతో నాయనకు పాన్ తీయించాం. డిపాజిట్ అయ్యాక డబ్బు తీసుకోవడానికి మళ్లీ ఒక పిటిషన్, బ్యాంకు పాస్‌బుక్కు నకళ్లు, డిసెంబరుకు ఖాతాలోకి. తమ్ముడి వాటా వాడికి పద్దెనిమిది నిండేదాకా ప్రభుత్వ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్.

డ్రైవరును వదిలేసిన తీర్పు మీద బాధితులు కూడా అప్పీలుకు పోవచ్చని తమ్ముడు ఎక్కడో చదివి, పోదామని పట్టుబట్టాడు. నిజమే, ఆ హక్కు ఉంది. కొత్త చట్టంలో ఇలాంటి నేరానికి అయిదేళ్ల దాకా శిక్ష ఉందని కూడా అన్నాడు. అది 2024 జూలై 1 నుంచి జరిగినవాటికి, మన కేసుకు పాత చట్టమే, రెండేళ్లే అని సార్ చెప్పాడు. నాకు కూడా పోవాలని లేదు. మొహం చూడలేదని చెప్పిన మనిషిని ఏ కోర్టు చూశావు అనిపించగలదు? మాట మార్చిన యజమాని మీద మాత్రం నాకు కోపం పోలేదు, పోతుందని అనుకోవడం లేదు. నాయన ఇక చాలు అన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. వాడికి పద్దెనిమిది నిండగానే డిపాజిట్ విడిపించుకునే పిటిషన్‌కు కోర్టుకు పోవాలి. అప్పుడు మెజిస్ట్రేటు కోర్టు ఫైలు కూడా తానే తీయించి చదువుతానంటున్నాడు.